‘టుమారో ఈజ్ టూ ఫార్’ కథలో తప్పు నాయనమ్మదేనా?

చదువరి:
చిమమాండా ఎన్‌గోజీ అడిచీ 2009 సంపుటంలోని కథ ఇది. అమెరికాలో పెరిగే అన్నాచెల్లెళ్లు సెలవులకి నైజీరియాలో నాయనమ్మ ఇంటికి వస్తారు. అన్న నోన్సో చెట్టు మీంచి పడి చనిపోతాడు. నా లెక్కలో దోషం నాయనమ్మ వంశాభిమానానిదే. కొబ్బరికాయ కొట్టి, నీళ్లు కింది చిప్పలో నిలిచేలా చూసి, మొదటి గుక్క నోన్సోకే ఇస్తుంది. పిల్లల మేనత్త కొడుకు డోజీ నోన్సో కంటే ఏడాది పెద్దవాడు, కానీ నాయనమ్మకి కూతురి కొడుకు. వాళ్ల ఇగ్బో భాషలో ‘న్వడియానా’, మన దౌహిత్రుడు. ఇంటిపేరు నిలిపేది నోన్సో ఒక్కడే. చెట్లెక్కడంలో పదేళ్ల మనవరాలే మెరుగు, అయినా ఆడపిల్లలు కొబ్బరికాయలు కోయరంటుంది.

గోదారిగట్టు:
మరి తల్లి మాటేమిటి? ఆమె అమెరికన్, అత్తగారంటే గిట్టదు, ఇంటిపేరు పట్టింపూ లేదు. రాత్రి కొడుకు గదిలోకి వెళ్తే పెద్దగా నవ్వుతూ బయటికొస్తుంది. కూతురి గదిలోంచి ఒక్కసారీ అలా నవ్వుతూ రాలేదు. ఆ నవ్వు వినపడకుండా పిల్ల చెవులు మూసుకుంటుంది. దీన్ని ‘ఆఫ్రికా ఆచారం’ ఖాతాలో ఎలా రాస్తాం?

మినపచేను:
ఆస్తి సంగతైతే కోర్టు తేల్చింది. కూతుళ్లకి వారసత్వం లేదనే ఇగ్బో ఆచారం చెల్లదని నైజీరియా సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. మొదటి గుక్క మీద దావా వేయలేం కదా. కానీ చెల్లెలు చేసింది మాత్రం ఎందుకు దాటేస్తున్నారు? నీకంటే నేనే బాగా ఎక్కుతానని రెచ్చగొట్టి అవకాడో చెట్టు ఎక్కించింది. పైకి చేరాక ‘ఎచి ఎటెకా’ అని అరిచింది. కాటేస్తే పది నిమిషాల్లో ప్రాణం తీసే పామని నాయనమ్మ చెప్పిన పేరది, కథ పేరు దాని అర్థమే.

గోదారిగట్టు:
దాటేయడం లేదు, అసలు విషయం అక్కడే ఉంది. ఎక్కించిందీ, పామని భయపెట్టిందీ నాయనమ్మేనని పిల్ల తల్లికి చెప్తుంది. మగాడివని చూపించుకో అన్నదట! నాయనమ్మ పక్షపాతం అందరికీ తెలుసు కాబట్టే ఆ అబద్ధం అతికింది, తల్లి నమ్మింది. నాయనమ్మ ఒక్కతిని దోషిగా నిలబెడితే మనమూ ఆ తల్లిలాగే మోసపోతాం. నిజం చివర్లో గానీ తెలియదు. అప్పుడు వెనక్కెళ్లి కొబ్బరినీళ్ల ఘట్టం మళ్లీ చదవండి, నాయనమ్మ ఎలా కనిపిస్తుందో చూడండి.

చదువరి:
అబద్ధం సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఆ అబద్ధానికి కావలసిన సరుకంతా సిద్ధం చేసి పెట్టింది నాయనమ్మే. డోజీ మగపిల్లాడై ఉండీ వెనకే నిలబడ్డాడంటే, అక్కడ తూకం ఆమె చేతిలోనే ఉంది. దానికి మీ జవాబు?