దించిన అంబాసిడర్‌కి లక్షా ఇరవై వేలు: ముందు సస్పెన్షనా, ఇంజినా?

హబ్సిగూడ మార్క్4:
మార్క్ 4 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్. ముందు పక్క టోర్షన్ బార్లు (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) తిప్పి 2 అంగుళాలు దించి ఉంది. వెనక కమాన్ కట్టల్లోంచి, అంటే పట్టీలు పేర్చిన స్ప్రింగుల్లోంచి, రెండేసి పట్టీలు తీసి దాదాపు అంతే దించారు. నలుగురు ఎక్కితే స్పీడ్ బ్రేకర్ మీద ముందు భాగం ధన్‌మని కొడుతోంది, వెనక టైరు ఫెండర్‌కి రాసుకుంటోంది. ఫ్లైఓవర్ మీద పికప్ లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ కాసేపు వచ్చి పోతోంది. చేతిలో 1,20,000 ఉంది. ఇంజిన్ రీబోర్ (సిలిండర్లు కోసి వెడల్పు చేయడం) చేయించాలా, ఐసుజు ఇంజిన్ వేయించాలా, లేక సస్పెన్షన్ పనే ముందు చూసుకోవాలా? ఎత్తు మాత్రం మళ్లీ పెంచాలని లేదు.

కమాన్ కట్ట:
డబ్బు ముందు బండి కింద, సస్పెన్షన్ మీద పెట్టండి. కాయిల్ స్ప్రింగుల బండిలో ఒక చుట్టు కోస్తే ఎత్తు తగ్గడంతో పాటు స్ప్రింగూ గట్టిపడుతుంది. అంబాసిడర్ ముందు కాయిల్స్ లేవు. టోర్షన్ బార్ వెనక చివర లివర్‌ని పల్లు జరిపి దించితే మారేది ఎత్తు ఒక్కటే, బార్ గట్టిదనం రవ్వంత కూడా పెరగదు. పైగా చక్రం పైకి కదలడానికి ఉన్న జాగా 2 అంగుళాలు పోయింది. మెత్తదనం అదే, జాగా తక్కువ. మరి కొట్టక ఏం చేస్తుంది?

వెనక పరిస్థితి ఇంకా ఘోరం. 7 పట్టీల కట్టలో 2 తీస్తే గట్టిదనం 30 శాతం దాకా పోతుంది. అందుకే నలుగురు ఎక్కగానే కూర్చుండిపోతోంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. క్లచ్ వదిలినప్పుడు వెనక యాక్సిల్ హౌసింగ్ వెనక్కి మెలి తిరగబోతే దాన్ని పట్టి ఉంచేది ఈ కట్టే. అది బలహీనమైతే కమాను ఎస్ ఆకారంలో వంగి, చక్రాలు దడదడలాడతాయి. ఇంజిన్ బలం పెంచిన కొద్దీ ఇది పెరుగుతుంది.

తీసిన పట్టీలు మళ్లీ వేయించండి. దించడానికి కట్టకీ హౌసింగ్‌కీ మధ్య 1.5 అంగుళం, అంటే 38 మిల్లీమీటర్ల ఇనుప బ్లాక్ పెట్టించండి. ఈ బండికి కమాను హౌసింగ్ కింద ఉంటుంది కాబట్టి బ్లాక్ పెడితే బాడీ దిగుతుంది. బ్లాక్‌కి ఒక పక్క, పట్టీలని కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల కూర్చునే గుంట, రెండో పక్క హౌసింగ్ రంధ్రంలోకి దిగే పిన్ ఉండాలి. ఇవి లేకపోతే బ్రేక్ వేసినప్పుడు హౌసింగ్ జరుగుతుంది. కట్టని హౌసింగ్‌కి బిగించే యూ బోల్టులు 38 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నవి, కొత్తవి వేయించండి. పాతవాటిని కాల్చి సాగదీయొద్దు. చెక్క బ్లాకులు వద్దు, ఒకదాని మీద ఒకటి పేర్చడం అసలే వద్దు. 200 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్లు చేసేవాళ్లకి పాత యూ బోల్టు, పాత సెంటర్ బోల్టు చూపిస్తే కొలతకి చేసిస్తారు.

ట్యాపెట్ పదిహేను:
కమాన్ అన్న చెప్పిందాంట్లో తప్పు లేదు, వరస మాత్రం ఒప్పుకోను. ఎత్తు సమస్యకి కావాలంటే లివర్ ఒక పల్లు వెనక్కి తిప్పితే సరిపోతుంది, ఖర్చు కూలీ డబ్బులే. ఇంజిన్ అలా ఆగదు. కాలుతున్న వాల్వ్‌ని ఆరు నెలలు నడిపితే అది కూర్చునే సీటు కూడా పోతుంది.

అయినా రీబోర్ మాట ఇప్పుడే ఎత్తకండి. ఈ ఇంజిన్ బోర్ (సిలిండర్ వెడల్పు) 73.025, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88.9 మిల్లీమీటర్లు. 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజుకి వెళ్లినా 1531 సీసీ అవుతుంది, పెరిగేది 42. దాంతో పికప్ రాదు. రీబోర్ అనేది అరిగిన బోర్‌కి వైద్యం, బలం పెంచే మందు కాదు.

ముందు కంప్రెషన్ చూడండి. ఇంజిన్ వేడి చేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఏ సిలిండర్ తక్కువుంటే దాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, బోర్. పెరగకపోతే వాల్వ్. పొగని బట్టి కూడా చెప్పొచ్చు. లాగేటప్పుడు నీలం పొగ వస్తే రింగులు. స్టార్టింగ్‌లోనో, దిగుడులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడో వస్తే వాల్వ్ కాడని పట్టి ఉంచే గైడ్లు, ఆయిల్ ఆపే సీళ్లు. మీరు రాసినది రెండో రకం.

ఐసుజు అభిమాని:
ఇన్ని తంటాలెందుకు? 1817 సీసీ ఐసుజు ఇంజిన్, 75 బీహెచ్‌పీ, ఐదు గేర్ల బాక్స్. అంబాసిడర్‌కే కంపెనీ వేసి అమ్మింది. పాతది దొరికితే మౌంటింగులతో సహా పట్టుకొచ్చి దింపేయడమే. మీ బండిలోని పాత బి సిరీస్ ఇంజిన్ మీద పెట్టే ప్రతి రూపాయీ వెనక్కి రానిది.

ట్యాపెట్ పదిహేను:
ఇంజిన్ మంచిదే, కాదనను. లెక్క మాత్రం ఇంజిన్ ధరతో అయిపోదు. గేర్ బాక్స్ మారితే గేర్ రాడ్ కాలమ్ నుంచి ఫ్లోర్‌కి వస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది, దాన్ని కోసి బ్యాలెన్సింగ్ చేయించాలి. రేడియేటర్, సైలెన్సర్ పైపు, క్లచ్ లింకు అన్నీ కొత్త లెక్కే. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్న) రకమైతే వైరింగ్, పెట్రోల్ పంపు అదనం. 1,20,000లో ఇవన్నీ పూర్తయి బ్రేకులకి డబ్బు మిగలదు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములున్న బండికి బలం పెంచి, ఆపే శక్తి వదిలేయడం నాకు ఏమాత్రం నచ్చదు.

స్టాక్ ఎత్తు:
కాగితాల సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదు. ఇంజిన్ మారిస్తే ఆర్టీఏ అనుమతి, ఆర్‌సీలో కొత్త నంబరు తప్పవు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటి మార్చకూడదనే చెప్పింది. ఇంకో మాట. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉంచిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. మార్క్ 4 వచ్చింది 1979లో, మీ బండికి ఇంకా టైముంది.

ఎత్తు విషయంలో నా మాట సూటిగా చెప్తాను: ముందు పక్క ఒక అంగుళం పెంచండి. 2 అంగుళాలు దించితే కింది ఆర్మ్, స్టీరింగ్ టై రాడ్ రెండూ కోణం మారతాయి, కానీ ఒకేలా మారవు. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారి స్టీరింగ్ తనంతట తనే లాగుతుంది. అలైన్‌మెంట్ మెషీన్ మీద నిలబెట్టి కొలిస్తే ఇది దొరకదు. ముందు భాగాన్ని 40 మిల్లీమీటర్లు కిందకి నొక్కి ఉంచి మళ్లీ టో కొలిస్తే బయటపడుతుంది.

కమాన్ కట్ట:
ఈ ఒక్క విషయంలో నేనూ స్టాక్ ఎత్తు గారితోనే. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు కింది ఆర్మ్‌కీ, అది పైకి లేచినప్పుడు ఆపే బంప్ రబ్బరుకీ మధ్య కనీసం 35 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే ఏ షాక్ అబ్జార్బరూ కాపాడదు. రబ్బరు కోసి జాగా చేసుకుంటే ఇనుము ఇనుముకి తగులుతుంది. బార్ గట్టిగా కావాలంటే లావు బార్ ఒక్కటే దారి. గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతం ప్రకారం పెరుగుతుంది కాబట్టి 5 శాతం లావెక్కితే దాదాపు 22 శాతం గట్టిపడుతుంది. ఉన్న బార్‌ని మాత్రం కాల్చొద్దు, వెల్డింగ్ తగలనివ్వొద్దు, గీత కూడా పడనివ్వొద్దు. గీత దగ్గరే పగులు మొదలవుతుంది. కుడి బార్ ఎడమకి వేయకూడదు, ఒక పక్కకి మెలి తిరిగి అలవాటైన ఉక్కు అది.

హబ్సిగూడ మార్క్4:
కంప్రెషన్ చూశాను. 1కి 135, 2కి 130, 3కి 95, 4కి 130 పీఎస్ఐ. మూడో దాంట్లో ఆయిల్ పోసినా 98 దాటలేదు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) 6 థౌ మాత్రమే ఉంది, మిగతావి 13 నుంచి 15 మధ్య.

ట్యాపెట్ పదిహేను:
తెలిసిపోయింది. బోర్ బాగుంది, రీబోర్ అక్కర్లేదు. వాల్వ్‌లుండే ఇంజిన్ పైభాగం, అంటే ఈ హెడ్‌లో, 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ ఒకే పోర్టులోకి వెళ్తుంది, అందుకే మధ్యలో వేడెక్కువ. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చాక ఈ మెత్తని కాస్ట్ ఐరన్ సీట్లకి రక్షణ పోయింది. వాల్వ్ సీటులోకి దిగిన కొద్దీ గ్యాప్ మూసుకుపోతుంది. మీ 6 థౌ చెప్పేది అదే. ఇప్పుడు గ్యాప్ సరిచేసి వదిలేస్తే మళ్లీ మూసుకుంటుంది.

హెడ్ దించి లేత్ షాపుకి ఇవ్వండి. నాలుగు ఎగ్జాస్ట్‌లకీ గట్టి సీటు రింగులు, నాలుగు కొత్త ఎగ్జాస్ట్ వాల్వ్‌లు, ఎనిమిది గైడ్లు, సీళ్లు, హెడ్ ఫేస్ వంకర ఉంటేనే తేలిగ్గా ఫేసింగ్. బిగించాక అన్ని ట్యాపెట్లూ 15 థౌ. తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి, తెరుచుకున్న వాల్వ్ నంబరూ గ్యాప్ చూడాల్సిన దాని నంబరూ కలిపితే 9 రావాలి: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1, 4వది తెరుచుకున్నప్పుడు 5. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ 5వ వాల్వే. 500 కిలోమీటర్లకి హెడ్ నట్లు, ట్యాపెట్లు మళ్లీ చూడాలి. ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి, అవి కూడా మార్చేయండి. మిక్చర్ పలచబడుతుంది కాబట్టి ప్లగ్గు తెల్లగా కనిపిస్తే కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి.

బలం ఇంకా కావాలంటే ఇదే 1489 సీసీ ఇంజిన్‌ని ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లతో 68 నుంచి 72 బీహెచ్‌పీ దాకా తీశారు. అంటే బోర్ ముట్టుకోకుండానే దారి ఉంది. అది తర్వాతి సంవత్సరం డబ్బుతో.

కమాన్ కట్ట:
అయితే నా లెక్క మారుస్తున్నాను. హెడ్ పనికి 35,000 పక్కన పెట్టండి. కమాన్లు, బ్లాకులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లకి 45,000. బ్రేక్ హోస్ పైపులు, వీల్ సిలిండర్ కిట్లు, లైనింగ్‌కి 20,000. మిగిలిన 20,000 ముట్టుకోవద్దు, విప్పాక ఏదో ఒకటి బయటపడుతుంది. షాక్ అబ్జార్బర్లు పొట్టివి చూసుకోండి. స్టాక్ పొడవువి వేస్తే దించిన బండిలో లోపలే చివరికి కొట్టుకుని సీళ్లు కారతాయి.

ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే, ఎవరినైనా బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపండి. ఆట పోతే బేరింగ్ అరిగినట్టు, ఉంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు, అంటే కింగ్ పిన్. కింగ్ పిన్ అరిగి ఉండగా అలైన్‌మెంట్ చేయిస్తే డబ్బు దండగ.

స్టాక్ ఎత్తు:
వెనక బ్లాక్ పెట్టాక ప్రొపెల్లర్ షాఫ్ట్ టన్నెల్‌కి, సైలెన్సర్ పైపు హౌసింగ్‌కి తగులుతాయేమో నలుగురినీ కూర్చోబెట్టి చూడండి. ముందు పక్క మాత్రం ఒక అంగుళం పెంచాల్సిందే, నా మాట మారదు.

హబ్సిగూడ మార్క్4:
సరేనండీ, ముందు పక్క ఒక అంగుళం పెంచుతాను. లివర్ తిప్పే పని ఇంట్లో చేసుకోవచ్చా?

కమాన్ కట్ట:
గుంట గానీ లిఫ్ట్ గానీ లేకుండా వద్దు తమ్ముడూ. బార్‌లో మెలి పూర్తిగా వదలకుండా లివర్ లాగితే అది మొహానికే వస్తుంది. మెకానిక్ దగ్గర నిలబడి చేయించుకో. ముందు చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండు పక్కలా కొలిచి రాసుకో. లివర్‌కీ బార్‌కీ కలిపి పెయింట్ గీత పెట్టించు. తిప్పాక బండిని పది మీటర్లు ముందుకీ వెనక్కీ నడిపి, బానెట్ మీద నాలుగుసార్లు నొక్కి, అప్పుడు కొలువు. రెండు పక్కలా 5 మిల్లీమీటర్ల లోపు తేడా అయితే సరే. ఆర్మ్ బుష్‌ల బోల్టులు మాత్రం చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగించనివ్వకు. బండి నేల మీద తన ఎత్తులో నిలబడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి, కొత్త బుష్‌లు కొన్ని నెలల్లోనే చిరుగుతాయి.