జియోగెస్సర్‌లో బోర్డులు లేని రోడ్డు వస్తే ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, ఇచ్ఛాపురం దగ్గర. గూగుల్ స్ట్రీట్ వ్యూ ఫోటోలు చూసి అది ప్రపంచంలో ఎక్కడో మ్యాప్ మీద గుర్తించే ఆట జియోగెస్సర్. దాన్ని బాగా నేర్చుకోవాలని గట్టిగా ఉంది, తెలిసినవాళ్లు కాస్త దారి చూపండి.

ఆసియా వరకూ ఫరవాలేదు. తెలుగు, ఒడియా బోర్డులు రెండూ చూస్తూ పెరిగాం కాబట్టి లిపుల తేడా త్వరగా పట్టేస్తాను. థాయ్, ఖ్మేర్ (కంబోడియా లిపి) కూడా ఇప్పుడు తికమక పెట్టడం లేదు. బండ్లు ఎడమ పక్క పోతున్నాయా, మధ్యాహ్నం నీడలు ఎటు పడుతున్నాయి, ఇవీ చూస్తాను. కెన్యా అయితే ఫోటోలు తీసిన కెమెరా కారుకున్న స్నోర్కెల్ (ఇంజన్‌కి గాలి తీసుకునే, పైకి నిలబడిన గొట్టం) కనబడి చెప్పేస్తుంది.

చిక్కంతా తూర్పు యూరప్‌లోనే. మొన్న ఒక రౌండ్‌లో పొలాలు, తారురోడ్డు, అంచున తెల్లటి చిన్న స్తంభం, దాని మీద ఏటవాలుగా ఎర్ర పట్టీ. అంతే, ఒక్క అక్షరం లేదు. ఆ పట్టీ పోలండ్ గుర్తని తర్వాత తెలిసింది, భలే అనిపించింది! ఇలాంటివి ఏ వరుసలో నేర్చుకోవాలి? ముందు రోడ్డు పక్క స్తంభాలా, కరెంటు స్తంభాలా, రోడ్డు గీతలా?

ఇంకొకటి, బ్రెజిల్. షాపు బోర్డుల మీద ఫోన్ కోడ్ 11 ఉంటే సావో పాలో, 21 అయితే రియో. మరి ఊరు దాటాక మట్టి, చెట్లు చూసి ప్రాంతం ఎలా చెప్తారు? ఫోన్‌లోనే ఆడతాను, చిన్న స్క్రీన్ మీద కనబడే గుర్తులైతే మరీ మంచిది.