కీమోతో పాటు రేకీ కూడా చేయించవచ్చా? అమ్మ కోసం అడుగుతున్నాను

పి.గన్నవరం అమ్మాయి:
మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ అండి. ఆపరేషన్ అయింది. కాకినాడలో మూడు వారాలకొకసారి కీమో ఎక్కిస్తున్నారు, ఇప్పటికి మూడు అయ్యాయి. ఎక్కించిన దగ్గర్నుంచి నాలుగైదు రోజులు అన్నం వాసన గిట్టదు, రాత్రిళ్లు కన్ను మూత పడదు. మా వీధిలో ఒకావిడ రేకీ చేస్తారు, చేతులు ఆన్చి ఒంట్లోకి శక్తి పంపడమంట. మొన్న ఆదివారం ఊరికే చేస్తానంటే తీసుకెళ్లాను. గంటసేపు తల మీద, భుజాల మీద, పొట్ట మీద చేతులు ఆన్చి ఉంచారంతే. ఆ రాత్రి అమ్మ తెల్లారేదాకా పడుకుంది. ఇప్పుడు 21 రోజులు చేయించమంటున్నారు, రోజుకి మూడు వందలు. అన్నయ్య "నువ్వు చదువుకున్నదానివేనా" అని కేకలేశాడు. మందులు మానే మాటే లేదు. వాటితో పాటు ఇది పనిచేస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రావులపాలెం సైన్సు మాస్టారు:
అమ్మగారికి నిద్ర పట్టిందంటే సంతోషం తల్లీ. కానీ ఆవిడ చేతుల్లోంచి శక్తి వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని అమెరికాలో ఎమిలీ రోజా అనే నాలుగో తరగతి పిల్ల పరీక్షించింది. థెరప్యూటిక్ టచ్ అని రేకీకి దగ్గర చుట్టం ఒకటుంది. అది చేసేవాళ్లు ఎదుటివాళ్లని తాకకుండానే ఒంట్లో శక్తి తెలుస్తుందంటారు. ఆ పిల్ల మధ్యలో అట్ట అడ్డం పెట్టి, వాళ్లని రెండు చేతులూ కన్నాల్లోంచి ఇవతలికి చాపమంది. బొమ్మా బొరుసా వేసి, ఏదో ఒక చేతికి బెత్తెడు పైన తన చెయ్యి పెట్టేది. ఏ చేతి మీదో వాళ్లు చెప్పాలి. 21 మందిని 280 సార్లు అడిగితే 123 సార్లే సరిగ్గా చెప్పారు. ఊరికే ఊహించినా సగం తగలాలి కదా! 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అది అచ్చయింది.

రాజమండ్రి నర్సు:
మాస్టారూ, ఇంకోటి కూడా చదవండి. 2011లో కీమో ఎక్కించుకునే 189 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి రేకీ చేశారు. ఇంకో గుంపుకి రేకీ రానివాళ్లు అచ్చం అలాగే చేతులు పెట్టి నటించారు. మూడో గుంపుకి మామూలు సేవలే. మొదటి రెండు గుంపుల్లోనూ హాయి పెరిగింది. మీరు దాన్ని రేకీ తేలిపోయిందని చదువుతారు. ఇరవై ఏళ్లుగా వార్డులో తిరుగుతున్నదాన్ని, నాకు వేరేగా కనిపిస్తుంది. ముప్పై మంచాలకి ఇద్దరం ఉంటాం. సెలైన్ మార్చడానికే సరిపోతుంది, పక్కన కూర్చుని ఒకళ్ల చెయ్యి పట్టుకున్న రోజు నాకు గుర్తు లేదు. నటించినా సరే, గంటసేపు ఒక మనిషి మన కోసమే కూర్చుంటే ఒళ్లు కాస్త తేలికపడుతుంది.
అమ్మాయ్, ఆ ఆదివారం కీమో అయిన ఎన్నో రోజు?

భీమవరం చెరువుల రైతు:
మా బాబాయికి షుగరు. చెరువులో దిగినప్పుడు కాలికి గుల్ల గీసుకుంది. రేకీ చేసే ఒకాయన "ఇన్సులిన్ మెల్లగా తగ్గించుకోండి, లోపలి అడ్డంకి తొలగిపోతోంది" అన్నాడు. నెల తిరిగేసరికి రెండు వేళ్లు తీసేశారు. ఆ మనిషి పైసా తీసుకోలేదండి. మనస్ఫూర్తిగా నమ్మే చెప్పాడు. మోసగాడైతే కనిపెట్టేవాళ్లం. షుగరు, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 చట్టం ప్రకారం నేరమట. మరి ఇంట్లో కూర్చుని ప్రేమగా చెప్పే మాటకి ఏ చట్టం అడ్డొస్తుంది?

అమలాపురం, రేకీ నేర్పుతాను:
మీ బాబాయిగారి విషయం చదివి మనసు పాడైందండి. మందు ఆపమన్నవాడు రేకీ పేరు పాడుచేశాడు. 1922లో జపాన్‌లో ఉసుయి గారు మొదలుపెట్టిన ఈ పద్ధతిని నేను పదహారేళ్లుగా చేస్తున్నాను. డాక్టర్ చీటీ చూపిస్తేనే మనిషిని కూర్చోబెడతాను. కానీ నటించినవాళ్ల చేతులూ నా చేతులూ ఒకటేనంటే ఒప్పుకోను. నొప్పి ఉన్నచోట నా అరచేతికి వేడి తగులుతుంది, కిందున్న మనిషికీ తగులుతుంది. మాస్టారు చెప్పిన పరీక్ష రేకీ మీద చేసింది కాదు.

రావులపాలెం సైన్సు మాస్టారు:
రేకీ మీదే చేసింది చెబుతానండి. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా వాళ్లు వందమందికి ఎనిమిది వారాలు చేసి చూశారు, 2008లో. సగం మందికి రేకీ మాస్టర్లు, సగం మందికి నటులు. రేకీ వల్ల నొప్పి తగ్గలేదు. దిగులు, ఆందోళన మీద చేసిన పరీక్షలన్నీ వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ వాళ్లు 2015లో ఒకచోట పెట్టి చూసి, పనిచేస్తుందనడానికి ఆధారం చాలదన్నారు. చెయ్యి వేడిగా ఉంటుంది, కాదనను. బతికున్న మనిషి చెయ్యి కదా. ఆ వేడికి పేరు పెట్టి, నేర్చుకోవడానికి మెట్లు పెట్టి, 21 రోజుల లెక్క కట్టడం దగ్గరే నా పేచీ.

పి.గన్నవరం అమ్మాయి:
నర్సుగారూ, కీమో మంగళవారం అయింది. ఆదివారానికి ఆరో రోజు.

రాజమండ్రి నర్సు:
అనుకున్నాను. వాంతులు రాకుండా మొదటి రోజుల్లో స్టెరాయిడ్ ఇస్తారమ్మా, నిద్ర చెడగొట్టేది చాలామందికి అదే. అది ఆగాక నిద్ర దానంతట అదే వస్తుంది. అంతకుముందు రెండుసార్లూ ఆరో రోజు పడుకున్నారేమో గుర్తు తెచ్చుకో. ఆ బిళ్ల రాత్రి వేస్తున్నారా? పొద్దున్నకి మార్చవచ్చేమో డాక్టర్‌గారిని అడుగు. ఇది ముందే అడగాల్సింది, రేకీ గొడవలో పడి మర్చిపోయాను.

పి.గన్నవరం అమ్మాయి:
రాత్రి భోజనం తర్వాతే వేస్తున్నామండి! ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డైరీ చూశాను, రెండో కీమోకి కూడా ఆరో రోజే పడుకుంది. 21 రోజులు వద్దని రేకీ ఆవిడకి చెప్పాను. నొచ్చుకోలేదు, "మరి ఆదివారాలు ఊరికే వచ్చి కూర్చోనా" అన్నారు. అమ్మ రమ్మంది. ఆవిడ చేతులు అమ్మమ్మ చేతుల్లా ఉన్నాయంట. అన్నయ్యకి ఇంకా కోపమే గానీ నిన్న రాత్రి వాడే అమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగో కీమో వచ్చే మంగళవారం. బిళ్ల సంగతి అడిగి వచ్చి రాస్తాను.