ప్రాగ్ క్లెమెంటినం: మోకాళ్ళ నొప్పులున్న అమ్మని తీసుకెళ్ళొచ్చా?

గోదారిగట్టు:
వచ్చే నెల అమ్మతో ప్రాగ్ వెళ్తున్నాం. అమ్మ శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు లైబ్రేరియన్‌గా చేసి రిటైరైంది, అక్కడ క్లెమెంటినం అనే పాత కాలేజీ భవనాల్లో ఉన్న లైబ్రరీ ఫోటో చూసిన దగ్గర్నుంచి అదొక్కటి చూపించరా చాలు అంటోంది. మోకాళ్ళేమో అంతంతమాత్రం. మెట్లు ఎలా ఉంటాయి? అక్కడే నక్షత్రాలు చూసే పాత టవర్ ఉందట, దాని పైదాకా ఎక్కలేకపోతే వెళ్ళడం దండగా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

మంచుపూలు:
ఉన్నమాట చెప్తా, లిఫ్ట్ లేదు. పైదాకా 172 మెట్లు, చివర్లో చెక్కమెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, నేనైతే కమ్మీ వదల్లేదు. కానీ లైబ్రరీ అంత పైన ఉండదు, నిదానంగా ఎక్కితే అందుతుంది. లోపలికి పంపరు, గుమ్మం దగ్గరే నిలబడి చూడాలి. 1722 నాటి హాలు, మెలితిప్పినట్టున్న చెక్క స్తంభాలు, నడుమ వరసగా గ్లోబులు, పైకప్పు నిండా బొమ్మలు. తెల్లటి వీపు మీద ఎర్ర గుర్తున్న పుస్తకాలు జెసూట్ల (క్యాథలిక్ సన్యాసుల సంఘం) కాలం నుంచీ అక్కడివే. అమ్మగారికి ఆ సంగతి ముందే చెప్పండి, ముందు వాటినే వెతుక్కుంటారు. టూర్ గైడ్‌తోనే సాగుతుంది కాబట్టి లైబ్రరీ చూశాక కిందికి దిగిపోవచ్చా అని మొదట్లోనే అడగండి.

ధ్రువతార:
మీరు మాత్రం పైకి ఎక్కండి. లైబ్రరీ దాటాక మెరిడియన్ హాలు వస్తుంది. చీకటి గది, గోడకి చిన్న కన్నం, నేల మీదుగా బారుగా లాగి కట్టిన తీగ. కన్నంలోంచి పడే ఎండచుక్క ఆ తీగ మీదికొస్తే ప్రాగ్‌లో మిట్టమధ్యాహ్నం. 1842 నుంచి ఆ వేళకి టవర్ మీంచి జెండా ఊపేవాళ్ళు, అది చూసి ఊళ్ళోవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. 1775 నుంచి అక్కడ వాతావరణం రోజూ రాసిపెడుతున్నారు, రెండు ప్రపంచ యుద్ధాల్లో కూడా ఆపలేదు! మన విశాఖలో గొడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టారు, దాన్ని మనం నిలబెట్టుకోలేకపోయాం. ఆ గదిలో నిలబడితే అదే గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయింది.

మంచుపూలు:
ఇంకోటి, 1654లో క్లెమెంటినంలోని జెసూట్ల కాలేజీనీ చార్లెస్ యూనివర్సిటీనీ కలిపేశారు, ఇప్పుడక్కడున్నది చెక్ జాతీయ గ్రంథాలయం. ప్రాంగణంలోకి టికెట్ అక్కర్లేదు, 1648లో స్వీడన్ సైన్యం నుంచి ప్రాగ్‌లోని చార్లెస్ వంతెనని కాపాడిన విద్యార్థుల గుర్తుగా అక్కడో విగ్రహం ఉంది. మీరు దిగొచ్చేదాకా అమ్మగారు అక్కడ ఉండొచ్చు.

గోదారిగట్టు:
ఇవన్నీ అమ్మకి చదివి వినిపించా. గుమ్మం దాకా చాలు, లోపలికి రానివ్వకపోవడమే మంచిది, పుస్తకాలు పది కాలాలుంటాయి అంది. మెట్లకి అలవాటు కావాలని ఇవాళ్టి నుంచి మా అపార్ట్‌మెంట్‌లో రెండంతస్తులు ఎక్కి దిగుతోంది.