కష్టంలో ఉన్న మనిషికి “దేవుడి మీద భారం వెయ్యి” అని చెప్పడం సాయమా, హానా?

గోధూళి:
మా అక్కకి క్యాన్సర్ చికిత్స నడుస్తోంది. పలకరించడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అనేది ఒకటే మాట: “దేవుడి మీద భారం వెయ్యి, అంతా ఆయనే చూసుకుంటాడు.” అక్క చిన్నప్పటి నుంచీ భక్తురాలే. అయినా ఈ మాట విన్న ప్రతిసారీ ఇంకా ముడుచుకుపోతోంది. మా బావ మాత్రం ఆ మాటల వల్లే నిలబడగలుగుతున్నానంటున్నాడు. ఒకే ఇంట్లో ఒకే మాట ఒకరికి ధైర్యం ఇస్తోంది, ఇంకొకరిని కుంగదీస్తోంది.

దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చలోకి దయచేసి వెళ్ళొద్దు. కష్టకాలంలో విశ్వాసం నిజంగా బలం ఇస్తుందా, ఇస్తే ఎప్పుడు ఇస్తుంది, దాని గురించి పక్కవాళ్ళం మాట్లాడవచ్చా అన్నదే నా ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. విశ్వాసం బలమే. కానీ ఆ మాట బాధపడుతున్న మనిషి నోటి నుంచి రావాలి, చూడడానికి వచ్చినవాళ్ళ నోటి నుంచి కాదు. ఒప్పుకోనివాళ్ళు రాయండి.

సూటిగా:
నేను హాని అనే అంటాను. 2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలోని ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిపై ఒక అధ్యయనం ప్రచురించింది. రోగుల్ని మూడు గుంపులు చేశారు. “మీ కోసం ప్రార్థన చేయవచ్చు, చేయకపోవచ్చు” అని రెండు గుంపులకి చెప్పారు. వాటిలో ఒక గుంపు కోసం చేశారు, రెండోదాని కోసం చేయలేదు. మూడో గుంపుకి “మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తారు” అని చెప్పి మరీ చేశారు. ఆపరేషన్ తర్వాత సమస్యలు వచ్చినవాళ్ళు మొదటి గుంపులో 52 శాతం, రెండో గుంపులో 51 శాతం. అంటే తేడా లేదు. ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసిన మూడో గుంపులో మాత్రం 59 శాతం.

“ప్రార్థనలు చేయించేంత సీరియస్‌గా ఉన్నానా” అన్న టెన్షన్ వాళ్ళని పట్టుకుని ఉండవచ్చని పరిశోధకులు ఊహించారు. మీ అక్కగారికి జరుగుతున్నది కూడా అలాంటిదే అనిపిస్తోంది. వచ్చినవాళ్ళు ధైర్యం చెప్పామనుకుని వెళ్ళిపోతారు. ఆవిడకి మాత్రం జబ్బుతో పాటు ఇంకో బాధ్యత మిగులుతుంది, తగ్గేంత గట్టిగా నమ్మడం. తగ్గకపోతే ఆ తప్పు కూడా ఆవిడదే అవుతుంది.

కొండగాలి:
సూటిగా గారూ, ఆ అధ్యయనం కొలిచింది ముక్కూమొహం తెలియని మనుషులు దూరం నుంచి చేసిన ప్రార్థనని. రోగి తన సొంత విశ్వాసంతో ఏం చేసుకున్నాడన్నది అందులో లేదు. దాన్ని పట్టుకుని విశ్వాసం పని చెయ్యదనడం సరి కాదు.

నా సంగతి చెప్తాను. వ్యాపారం మునిగిపోయి, అప్పులు నెత్తిన పడ్డ ఏడాదే మా నాన్న పోయారు. ప్రార్థన వల్ల అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. కానీ అప్పులవాళ్ళ ఫోన్ ఎత్తి “ఇప్పుడు లేదండీ, ఫలానా నెలలో ఇంత కడతాను” అని చెప్పే గుండె నిబ్బరం అక్కడి నుంచే వచ్చింది. అంతకు ముందు ఫోన్ మోగితే చేతులు వణికేవి. నా విలువ నా దగ్గరున్న డబ్బులో లేదని, నన్ను చూసేవాడు ఒకడు ఉన్నాడని నమ్మకపోయి ఉంటే ఆ ఫోన్లు ఎత్తేవాణ్ణి కాదు.

గజేంద్రుడి కథ మనందరికీ తెలిసిందే. మొసలి కాలు పట్టుకోగానే దేవుణ్ణి పిలవలేదు ఆ ఏనుగు. ఏళ్ళ తరబడి పోరాడింది. ఒంట్లో శక్తి ఉడిగిపోయాక పిలిచింది. పిలుస్తూ పిలుస్తూ, అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడింది కూడా. ఆ అనుమానం కూడా ప్రార్థనే. మనవాళ్ళు ఈ కథలో పోరాటాన్నీ అనుమానాన్నీ వదిలేసి, చివర్లో వచ్చిన రక్షణ ఒక్కటే చెప్తారు. చిక్కంతా అక్కడే వస్తోందని నా అభిప్రాయం.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. క్యాన్సర్ వార్డులో పని చేస్తాను. మీరిద్దరూ చెప్పింది నేను రోజూ చూస్తాను, ఒకే వార్డులో, పక్కపక్క మంచాల మీద.

విశ్వాసం ఉందా లేదా అన్న దానికంటే అది ఎలాంటిది అన్నదే ముఖ్యం. కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వవేత్త దీని మీదే ఏళ్ళ తరబడి పని చేశారు. దేవుడు నాతో ఉన్నాడు, నేను చెయ్యాల్సింది నేను చేస్తాను అనుకునేవాళ్ళు ఒక రకం. ఇది నాకు పడ్డ శిక్ష, ఆయన నన్ను వదిలేశాడు అనుకునేవాళ్ళు ఇంకో రకం. ఇద్దరూ దేవుణ్ణి నమ్మేవాళ్ళే. 2001లో ఆయన బృందం 55 ఏళ్ళు, అంతకు పైబడిన 596 మంది రోగుల్ని రెండేళ్ళ పాటు గమనించి ఒక అధ్యయనం ప్రచురించింది. దేవుడు నన్ను వదిలేశాడా, ఆయనకి నా మీద ప్రేమ లేదా, ఇది సైతాను పనా అన్న ఆలోచనలతో నలిగినవాళ్ళకి చనిపోయే ప్రమాదం 19 నుంచి 28 శాతం దాకా ఎక్కువగా కనిపించింది. జబ్బు తీవ్రత లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా.

దీన్ని చూసి అనుమానం రాకూడదని అనుకోకండి. అది వస్తుంది. తర్వాతి విశ్లేషణలో తేలింది ఏమిటంటే, ఆ సంఘర్షణ ఎడతెగకుండా సాగినవాళ్ళ పరిస్థితే ఎక్కువగా దిగజారింది. ఎందుకు సాగుతుందో నాకు వార్డులో కనిపిస్తుంది. బయటికి చెప్పుకునే చోటు ఉండదు. రాత్రి రెండింటికి నన్ను పిలిచి “సిస్టర్, నేనేం పాపం చేశాను?” అని అడిగిన మనిషి, పొద్దున చుట్టాల ముందు “అంతా ఆయన దయ” అంటారు. ఎందుకంటే చుట్టాలు వినాలనుకునేది అదే.

గోధూళి గారూ, మీ అక్క ముడుచుకుపోతున్నారంటే విశ్వాసం తగ్గిందని కాదు. దేవుడి మీద కోపం ఉండి ఉండవచ్చు, దాన్ని ఎవరి ముందూ చెప్పుకోలేకపోతూ ఉండవచ్చు.

సూటిగా:
రాత్రిడ్యూటీ గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ విశ్వాసం వల్ల మేలు జరిగిన చోట కూడా ఆ మేలు దేవుడి వల్ల వచ్చిందా, మనుషుల వల్ల వచ్చిందా? 2010లో చేయూన్ లిమ్, రాబర్ట్ పట్నం అనే సామాజిక పరిశోధకులు ఇదే వెతికారు. ప్రార్థనా మందిరాలకి క్రమంగా వెళ్ళేవాళ్ళు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్న మాట నిజమే. కానీ ఆ తృప్తి అక్కడ దగ్గరి స్నేహితులు ఉన్నవాళ్ళలోనే కనిపించింది. వెళ్ళి ఒంటరిగా కూర్చుని వచ్చేవాళ్ళలో లేదు. అంటే నిలబెట్టింది తోటి మనుషులు. ఆ తోడు దేవుడి పేరు లేకుండా కూడా దొరుకుతుంది.

కొండగాలి:
ఆ స్నేహాలు ఏ మాత్రం దొరుకుతున్నాయో చెప్పండి మరి! వారం వారం ఒక చోట కలిసి, ఒకరి కష్టం ఒకరు అడిగి, రాకపోతే ఇంటికి వచ్చి చూసే గుంపులు విశ్వాసం చుట్టూ ఏర్పడినంతగా ఇంకెక్కడ ఏర్పడ్డాయి? 2016లో హార్వర్డ్ పరిశోధకులు 74,534 మంది మహిళా నర్సుల వివరాలు చూశారు. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ప్రార్థనలకి వెళ్ళేవాళ్ళలో మరణాలు అసలు వెళ్ళనివాళ్ళ కంటే 33 శాతం తక్కువ. స్నేహం, ఆసరా వల్ల వచ్చిన మేలు అందులో కొంత భాగమే అని కూడా వాళ్ళు తేల్చారు.

సూటిగా:
ఆరోగ్యంగా ఉండి తిరగగలిగినవాళ్ళే ప్రార్థనలకి వెళ్ళగలరు కదా. పరిశోధకులు దాన్ని సరిచెయ్యడానికి ప్రయత్నించారు, నిజమే. అయినా అది గమనించి రాసిన లెక్కే కానీ పరీక్ష పెట్టి తేల్చింది కాదు. ఈ ఒక్క విషయంలో మన ఇద్దరికీ కుదరదు లెండి.

ఏకాంతం:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మాది పుట్టిన కొన్నాళ్ళకే పోయిన బిడ్డ కథ. అందుకే రాస్తున్నాను.

నాకు గుంపు లేదు. మాకు జరిగినదాని తర్వాత స్నేహితులు మెల్లగా తగ్గిపోయారు. వాళ్ళని తప్పు పట్టను, ఏం మాట్లాడాలో తెలియక రావడం మానేశారు. మిగిలింది ప్రార్థన ఒక్కటే. అది కూడా ఓదార్పుగా ఏమీ లేదు. చాలా రోజులు తిట్టాను. ఏ జవాబూ లేదు. అయినా మాట్లాడడం మానలేదు.

మదర్ థెరీసా ఉత్తరాలు 2007లో బయటికి వచ్చినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. దాదాపు యాభై ఏళ్ళ పాటు దేవుడి సన్నిధి తనకి తెలియలేదని, లోపలంతా చీకటేనని ఆమె రాసుకున్నారు. 1979లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్నప్పుడూ ఆ చీకటిలోనే ఉన్నారు. నాకు మాత్రం ఆ సంగతి ఎంతో ధైర్యం ఇచ్చింది. మనసుకి హాయిగా ఉంటేనే విశ్వాసం అనుకుంటే నాకు విశ్వాసం లేనట్టే. కానీ పొద్దున లేచి, నన్ను కన్న తల్లిని చూసుకుని, ఆఫీసుకి వెళ్ళి, మళ్ళీ రాత్రి ఆ జవాబు లేని మాటలు మాట్లాడగలిగానంటే, దాన్ని బలం అనక ఇంకేమనాలి? సూటిగా గారూ, ఇందులో మనుషుల తోడు లేదండీ. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

సూటిగా:
ఏకాంతం గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర వాదన లేదు. మీకు అది బలమే. నా అభ్యంతరం మిమ్మల్ని చూసి ఇంకొకరికి “ఆవిడ నిలబడింది, నువ్వు కూడా నమ్ము” అని చెప్పేవాళ్ళ మీద.

ఏకాంతం:
నాకూ అదే అభ్యంతరం. “దేవుడికి ఇష్టమైన బిడ్డ, అందుకే తీసుకెళ్ళాడు” అన్న మాట నేను ఇప్పటికీ మరిచిపోలేను.

నీలిమేఘం:
దేవుణ్ణి నమ్మని మాలాంటివాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. నా భర్త పోయినప్పుడు “ఇప్పటికైనా నమ్ముకో” అన్నారు ఒకాయన. నా దుఃఖాన్ని ఆయన ఒక అవకాశంగా చూశాడనిపించింది. అదే రోజు ఇంకొకావిడ వచ్చింది. చాలా భక్తురాలు. దేవుడి పేరే ఎత్తకుండా బ్యాంకు కాగితాలు ముందేసుకుని సాయంత్రం దాకా నాతో కూర్చుని పూర్తి చేసింది. వెళ్ళేటప్పుడు “నా ప్రార్థనలో మీ పేరు తలుచుకుంటాను, మీకు అభ్యంతరం లేకపోతే” అంది. అభ్యంతరం లేదన్నాను. ఎలా ఉంటుంది చెప్పండి, అడిగింది కదా!

కొండగాలి:
నీలిమేఘం గారూ, ఆవిడ చేసిందే మతం నేర్పిన పని. బైబిల్లో యోబు కథ ఉంది. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయిన మనిషి దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో తప్పు చేసి ఉంటావని వాదించారు. కథ చివర్లో దేవుడు కోప్పడింది తనని నిలదీసిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. మతాన్ని నమ్మేవాణ్ణిగానే చెప్తున్నాను, దుఃఖంలో ఉన్నవాళ్ళకి కారణాలు చెప్పే హక్కు మనకి లేదు.

కానీ గోధూళి గారితో ఒక చోట విభేదిస్తాను. పక్కవాళ్ళు అసలు నోరెత్తకూడదు అంటే, అడగలేక ఆ మాట కోసం ఎదురు చూసేవాళ్ళు ఉంటారు. మీ బావగారు అలాంటివారే కదా?

రాత్రిడ్యూటీ:
అందుకే చెప్పకుండా అడగాలి. మా వార్డులో మేం అడిగే ప్రశ్న చాలా చిన్నది: “ఇలాంటప్పుడు మీకు ఏది ఆసరా?” కొందరు దేవుడంటారు, కొందరు మనవరాలంటారు, కొందరు ఏమీ లేదని ఏడుస్తారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునే చోటు) మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్, రోగి నొప్పిలో శరీరంతో పాటు మనసు, కుటుంబం, ఆధ్యాత్మికం కూడా కలిసి ఉంటాయని చెప్పారు. నొప్పి ఎక్కడుందో అడగకుండా మందు వెయ్యం కదా, ఇదీ అంతే.

ఇంకో విషయం ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. ఇది నన్ను బాగా బాధపెట్టేది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, జబ్బు ముదిరిపోయిన 345 మంది క్యాన్సర్ రోగుల్లో, విశ్వాసం మీద ఎక్కువగా ఆధారపడినవాళ్ళకే చివరి వారంలో వెంటిలేటర్ లాంటి చికిత్సలు ఎక్కువగా జరిగాయని తేలింది. అద్భుతం జరుగుతుందని ఎదురు చూస్తూ, వద్దు అనడం దేవుణ్ణి అనుమానించడమే అనుకునే కుటుంబాల్ని నేను చూశాను. రోగి మాత్రం ట్యూబుల మధ్య, మాట్లాడలేని స్థితిలో పోతాడు. నేను వాళ్ళతో అనేది ఇదే: “అద్భుతం కోసం ప్రార్థించండి, నొప్పి తగ్గించే మందు కూడా ఇవ్వనివ్వండి. దేవుడికి వెంటిలేటర్ అవసరం లేదు కదా.” ఈ మాట చెప్తే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఎవరో అనుమతి ఇచ్చినట్టు ఉంటుంది వాళ్ళకి.

గోధూళి:
అందరికీ కృతజ్ఞతలు. కొండగాలి గారూ, బావ విషయంలో మీరు చెప్పింది నిజమే. బావని విడిగా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళు వేరు, అక్క దగ్గరికి వెళ్ళేవాళ్ళు వేరు ఉండేలా చూస్తాను. అక్కని ఆ ఆసరా ప్రశ్న అడుగుతాను.

రాత్రిడ్యూటీ గారూ, ఇంకొక్కటి. అక్క కూతురు చిన్నపిల్ల. అమ్మకి తగ్గాలని రోజూ దణ్ణం పెట్టుకుంటోంది. “నువ్వు మంచిగా దణ్ణం పెట్టుకుంటే అమ్మకి తగ్గిపోతుంది” అంటున్నారు పెద్దవాళ్ళు. తగ్గకపోతే ఆ పిల్లకి ఏం చెప్పాలి?

రాత్రిడ్యూటీ:
ఆ మాట ఈ రోజే ఆపించండి. మిగతా అన్నిటికంటే ఇది ముఖ్యం. చిన్నపిల్లలు తమ ఆలోచనల వల్లే, తాము చేసిన అల్లరి వల్లే అమ్మకి జబ్బు చేసిందని నమ్మేస్తారు. తగ్గకపోతే తను సరిగ్గా దణ్ణం పెట్టుకోలేదనుకుంటుంది, అది పెద్దయ్యాక కూడా వెంటాడుతుంది.

ప్రార్థన మాన్పించక్కర్లేదు. “ఇది ఎవరి తప్పు వల్లా రాలేదు. నీ వల్ల రాలేదు. తగ్గించే పని డాక్టర్లది, నీది కాదు. నువ్వు దేవుడితో ఏదైనా చెప్పుకోవచ్చు, కోపం వచ్చినా చెప్పుకోవచ్చు” అని చెప్పండి. జబ్బు పేరు దాచకండి, క్యాన్సర్ అనే చెప్పండి. అంటుకోదని కూడా చెప్పండి, చాలామంది పిల్లలు ఆ భయంతో అమ్మ దగ్గరికి వెళ్ళడం మానేస్తారు. ఒక్కసారి చెప్పి వదిలెయ్యకండి, మళ్ళీ మళ్ళీ అడుగుతుంది, అడిగినప్పుడల్లా అదే జవాబు ఇవ్వండి. బడిలో టీచర్‌కి కూడా విషయం తెలియజెయ్యండి.

ఏకాంతం:
గోధూళి గారూ, ఆ మాట పాపకి మీ అక్కగారే చెప్పగలిగితే ఇంకా మంచిది. ఓపిక ఉన్న రోజు చూసి, మీరు పక్కన కూర్చోండి.