సమస్య: జింక వృకముఁ గాచెఁ జెలిమి మీర

పర్లాకిమిడి (నిర్వాహకుడు): ఈ వారం సమస్య పైన ఉన్నదే. హారీ పోటర్ కథలో హారీ తండ్రి జేమ్స్ బడినాటి జట్టు మీదే పూరించాలి, పంచతంత్రం వైపు పోవద్దు. ఆ జట్టులో లూపిన్ పున్నమికి తోడేలు (వృకము) అయిపోతాడు, అతని కోసం జేమ్స్ జింకగా, సిరియస్ కుక్కగా, పీటర్ ఎలుకగా మారడం నేర్చారు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మాది, వ్యాఖ్యలు వాడుకభాషలోనే రానివ్వండి.

బరంపురం మాస్టారు:
నిండు చందమామ నింగిలో వెల్గంగ
మారె లూపినుండు మఱచి తన్ను
జేమ్సు కొమ్ములెత్తి చేరి దారిని మళ్ప
జింక వృకముఁ గాచెఁ జెలిమి మీర

గుణుపురం అమ్మగారు: మాస్టారూ, "కొమ్ములెత్తి" దగ్గర పద్యం లేచి నిలబడింది. మరి కుక్క ఏదండీ? తోడేలును అదుపులో పెట్టింది జింకగా మారిన జేమ్స్, కుక్కగా మారిన సిరియస్, ఇద్దరూను. నాది చూడండి:
నోటనాకు దాచి నోచి నెలంతయు
ముగురు మృగములైరి మొక్కవోని
పట్టుదలను; నాఁటి బడినేస్తములలోన
జింక వృకముఁ గాచెఁ జెలిమి మీర

రాయగడ: "నోచి" అన్నందుకు దండం అమ్మా, అది నోమే. మృగంగా మారాలంటే మాండ్రేక్ అనే మొక్క ఆకు పున్నమి నుంచి పున్నమి దాకా నోట్లోనే ఉండాలి. మింగినా, బయటికి తీసినా మళ్లీ మొదటికే. ఆ తర్వాత దాన్ని చిన్న సీసాలో వేసి వెన్నెల తగలనివ్వాలి, ఆ రాత్రి మబ్బు పడితే కొత్త ఆకుతో మళ్లీ మొదలు. అందులో తన వెంట్రుక ఒకటి, ఏడు రోజులు ఎండా మనిషి అడుగూ సోకని చోటి మంచునీరు వెండి చెంచాడు, ఒక జాతి చిమ్మట ప్యూపా. ఉరుముల వాన వచ్చేదాకా సీసాను చీకట్లోంచి కదపకూడదు. ఇవి రచయిత్రి తర్వాత రాసిన వివరాలు. నవలలో ఉన్నది దాదాపు మూడేళ్లు పట్టిందని, అయిదో ఏట కుదిరిందని. మీ పద్యంలో ఒక్క నెలతో పని తీరినట్టుంది.
ఎలుక చెట్టు ముడిని నేర్పున నొక్కంగ
కొమ్మలాగి పోయెఁ; గుక్క దూరె;
బిలము వెంట ముగురు వెన్నంటి నడువంగ
జింక వృకముఁ గాచెఁ జెలిమి మీర

బరంపురం మాస్టారు: లూపిన్ దగ్గరికి దారి కాచే ఆ తన్నే చెట్టు, ముడి నొక్కితేనే ఆగుతుంది. దాని కొమ్మల కింద దూరగలిగింది పీటర్ ఎలుకే, ఆ ముడిని పట్టుకోవడం బాగుంది. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు) మాత్రం పోయింది. ఎలుకలో అచ్చు, నేర్పులో నకారం మాటకు సొంతం, సంధిలో వచ్చింది కాదు. "ముడిని నేమఱ కొత్తంగ" అంటే నిలుస్తుంది. మునుపటి మీ పాలీజ్యూస్ (ఎవరి వెంట్రుక కలిపి తాగితే వాళ్ల రూపమిచ్చే మందు) పద్యంలోనూ ఇలాగే తప్పు దొర్లింది కదా, హారీ నేస్తం హెర్మయొనీ తన పిల్లి వెంట్రుక కలిపిందన్నారు. అది తోటి విద్యార్థిని మిల్లిసెంట్ బుల్‌స్ట్రోడ్ పిల్లిది. ఆ మందు తాగింది బడిలో రెండో ఏట, తన పిల్లి క్రూక్‌షాంక్స్‌ను కొన్నది మూడో ఏడు మొదలయ్యే ముందు.

రాయగడ: పిల్లి గొడవ అప్పుడే తేలింది మాస్టారూ. మీ జింక దారి మళ్లించింది, అంటే జనాన్ని కాచింది. వృకాన్ని కాచిందెక్కడ?

గుణుపురం అమ్మగారు: అసలు మెలిక అదే. ఒంటరిగా ఉంటే లూపిన్ తన్ను తానే కరుచుకునేవాడు, గీరుకునేవాడు. వీళ్లు పక్కనుంటే ఒళ్లు తోడేలుదే అయినా మనసు కొంత మనిషి వైపు తిరిగేది. తోడేలు కాటు ముప్పు మనుషులకే, అందుకే ముగ్గురూ మృగాలయ్యారు. ఆ కారణం మన ముగ్గురి పద్యాల్లోనూ లేదు.

కాశీనగరం:
కాటు ముప్పు నరుల కగుఁ గాని మృగముల
కంట దనుచు నెఱిఁగి కదలి వచ్చి
ఒంటిఁ దన్నుఁ దానె యొలిచికొనెడి వాని
జింక వృకముఁ గాచెఁ జెలిమి మీర

బరంపురం మాస్టారు: "ఒలిచికొనెడి" గొప్పగా పడింది. సిరియస్ ఇందులోనూ లేడు.