సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వేడెక్కుతోంది, హైవే మీద నార్మల్

ప్రశ్న: పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2014 మోడల్. ట్రాఫిక్‌లో ఏసీ వేసి నిలబడితే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్తోంది. 80 స్పీడులో పోతే మళ్లీ సగానికి దిగుతోంది. కూలెంట్ లెవెల్ సరిగానే ఉంది. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తీసేద్దామంటున్నాడు. తీయించమంటారా?

జవాబు: వద్దు, అన్నా. థర్మోస్టాట్ మూసుకుపోయి ఇరుక్కుంటే హైవే మీద ఇంకా ఎక్కువ వేడెక్కాలి. బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. కాబట్టి మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. ఏసీ వేసి చూడండి, కాసేపట్లో తిరగాలి. తిరక్కపోతే ముందు ఫ్యూజ్, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంట్ కలిపే స్విచ్) చూడండి. రెండూ బాగుంటే ఫ్యాన్ కనెక్టర్ తీసి, ఫ్యూజ్ ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. అప్పుడూ తిరక్కపోతే మోటార్ పోయింది. తిరిగితే తప్పు సెన్సర్‌లోనో వైరింగ్‌లోనో ఉంది.

జవాబు: ఫ్యాన్ బాగుంటే ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య పేరుకున్న దుమ్ము చూడండి. ఇంజన్ వైపు నుంచి మామూలు పైపు నీళ్లతో కడగాలి, ప్రెషర్ వాషర్ రెక్కల్ని వంచేస్తుంది. రేడియేటర్ క్యాప్ రబ్బరు గట్టిపడిందేమో కూడా చూడండి. ప్రెషర్ నిలవకపోతే కూలెంట్ త్వరగా మరుగుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే క్యాప్ తిప్పండి, లేదంటే మరిగే నీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి.

జవాబు: ఇంకోటి. బోరు నీళ్లు అస్సలు పోయొద్దు, లోపల ఉప్పు పేరుకుంటుంది. కూలెంట్ కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపనిది) అయితే డిస్టిల్డ్ వాటర్‌తో 50:50 కలపండి. ముల్లు ఎర్ర గీత తాకింది కనుక హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) కూడా పరీక్ష చేయించండి: బయట లీక్ లేకుండా కూలెంట్ తగ్గినా, రిజర్వాయర్‌లో బుడగలు ఆగకుండా వచ్చినా అనుమానించాలి.